నమ్మకం ఉన్నచోట పద్దు ఎందుకు?

(ప్రాథమిక పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, సభ్యుల శిక్షణ తరగతిలో సహకార శాఖ ఇన్‌స్పెక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన విషయం "సంఘంలో పరస్పర విశ్వాసం". దీని మీద నాలుగు సూక్తులు చెప్పి దిగిపోవడం తేలికే గాని, మీ బస్సు ఖర్చు కూడా గిట్టదు. అందుచేత నేను పరాయి దేశాల్లో వీధి చివర ఉండే చిల్లర కొట్లను గురించి చెప్పదలచుకున్నాను. అక్కడ నమ్మకం ఎట్లా నడుస్తుంది, ఎక్కడ తెగుతుంది అన్నది చూద్దాం. చిల్లర కొట్టుకూ పాల సంఘానికీ పొత్తు ఏమిటంటారా? రెండు చోట్లా రోజూ అవే మొహాలు, కొద్దిపాటి మొత్తాలు, ఇవాళ పోట్లాడుకున్నా రేపు పొద్దున మళ్లీ ఎదురుపడక తప్పని మనుషులు.

మన ఊళ్లలో కొట్టు గోడ మీద "అప్పు రేపు" అని రాసి ఉండటం మీకు తెలుసు. ఎప్పుడు వెళ్లినా రేపే. ఈ చమత్కారం మన తెలుగువాళ్లదే అనుకుంటాం. స్పానిష్ మాట్లాడే దేశాల్లో కొట్ల మీద "ఈరోజు అరువు లేదు, రేపు ఉంది" అని ఇదే మాట రాసి ఉంటుంది. ఫిలిప్పీన్స్ దీవుల్లో "ఇవాళ అప్పు నిషేధం, రేపైతే సరే" అంటారు. తూర్పు ఆఫ్రికాలో స్వాహిలీ సామెత ఇంకా ఘాటుగా ఉంటుంది: అప్పు తీసుకోవడం పెళ్లి, తీర్చడం చావింటి శోకమట! ఒకరి మొహం ఒకరు చూడని కొట్టువాళ్లు ఇన్ని దేశాల్లో ఒకే మాట రాసుకున్నారంటే, వాళ్లందరి కష్టమూ ఒకటే అన్నమాట. ఆ బోర్డు ఉన్న కొట్టులో అప్పు పుట్టదని మాత్రం అనుకోకండి. అసలు అప్పివ్వని కొట్టుకు బోర్డుతో పనేమిటి? తెలియనివాడికి చూపడానికి గోడ మీద బోర్డు, తెలిసినవాడి కోసం గల్లాపెట్టెలో పుస్తకం.

ఫిలిప్పీన్స్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. అక్కడ ఇటువంటి కొట్టును "సారీ-సారీ" అంటారు. తగాలోగ్ భాషలో రకరకాలు అని అర్థం. దేశం మొత్తం మీద ఇవి పది లక్షలకు పైగా ఉంటాయని అంచనా. ఇంటి ముందుగదికే కిటికీ పెట్టి, దానికి ఇనుప జాలీ బిగించి, లోపల ఇల్లాలు కూర్చుంటుంది. నడిపేవారిలో ఎక్కువమంది ఆడవాళ్లే. కొనేవాళ్లు బయట నిలబడి కేక వేస్తారు. సిగరెట్టు ఒక్కటి, వెల్లుల్లి ఒక గడ్డ, షాంపూ ఒక చిన్న పొట్లం, వంటనూనె ఆ పూట కూరకు సరిపడా. ఇట్లా విడివిడిగా అమ్మడానికి "టింగి" అని పేరు. లెక్క వేస్తే పెద్ద సీసా కొన్నవాడి కంటే ఇట్లా కొన్నవాడే లీటరుకు ఎక్కువ ఇస్తున్నాడని తప్పు పట్టేవారున్నారు. నేను పట్టను. ఆ పూట కూలి డబ్బుతో ఆ పూటకు కావలసింది కొనగలగడం కూడా ఒక సదుపాయమే గదా.

రోజూ ఒకే కొట్టుకు వెళ్లేవారిని "సుకి" అంటారు. విశేషమేమంటే కొట్టువాళ్లు కొనేవాళ్లనూ, కొనేవాళ్లు కొట్టువాళ్లనూ అదే మాటతో పిలుస్తారు. మనం "వాడుకగా పాలు పోస్తున్నాం, వాడుకగా పోయించుకుంటున్నాం" అంటాం చూడండి, దానికి దగ్గరి మాట. సుకికి అరువు పుడుతుంది. వడ్డీ ఉండదు, సంతకం ఉండదు, హామీదారు ఉండడు. "లిస్టా" అనే చిన్న నోటు పుస్తకంలో పేరు, పక్కన అంకె, అంతే. జీతం చేతికొచ్చిన రోజున తీర్చాలి.

చెప్పుకోవడానికి ఎంతో ముచ్చటగా ఉంది. కాని ఆ కొట్టు పెట్టుబడి ఎంత? పది ఇళ్లవాళ్లు ఒక్క నెల బాకీ నిలిపితే అలమరాలు ఖాళీ అవుతాయి. పోనీ వెళ్లి అడుగుదామా అంటే ఎదురింటివాళ్లాయె! మనం మొహమాటం అంటామే, వాళ్లు దాన్నే "హియా" అంటారు. సిగ్గు, బిడియం అన్నీ అందులో ఉన్నాయి. అడగడానికి ఈమెకు హియా, బాకీ ఉన్నందుకు వాళ్లకూ హియా. చివరికి బాకీదారు ఈ వీధిలో నడవడం మాని, పక్కవీధి కొట్టులో నగదు ఇచ్చి కొనుక్కుంటాడు. ఇక్కడ కూర్చున్న కార్యదర్శులు నవ్వుతున్నారు, ఎందుకో నాకు తెలుసు. దాణా బాకీ పెరిగిన సభ్యుడు మన కేంద్రం ముందునుంచే క్యాను పట్టుకుని ప్రైవేటు వ్యాను దగ్గరికి పోతాడు. నగదుతో పక్కవీధికి పోయేవాడికీ, పాలతో వ్యాను దగ్గరికి పోయేవాడికీ తేడా ఏముంది?

ఇంకొక సంగతి. సరుకు మళ్లీ నింపుకోవడానికి ఆ ఇల్లాలే అప్పు తెచ్చుకోవలసి వస్తుంది. అక్కడ "ఫైవ్-సిక్స్" అని ఒక వడ్డీ వ్యాపారం ఉంది. ఐదు తీసుకుంటే ఆరు కట్టాలి. అంటే నూటికి ఇరవై, అదీ కొద్ది వారాల గడువులో. ఈ వ్యాపారంలో చాలాకాలంగా మన దేశస్థులే ఉన్నారు, ముఖ్యంగా పంజాబు నుంచి వలస వెళ్లినవారు. వాళ్లను "బుంబాయ్" అని పిలుస్తారు. మన బొంబాయి పేరే అలా మారింది. మోటారు సైకిలు మీద రోజూ వచ్చి వాయిదా వసూలు చేసుకుని పోతారు. ఇరుగుపొరుగుకు వడ్డీ లేకుండా ఇచ్చిన బియ్యానికి, నూనెకు, ఆ ఇల్లాలు తాను వడ్డీ కడుతున్నదన్నమాట. ఆ వడ్డీ లిస్టాలో ఎక్కదు. అరువు తీసుకుపోయిన పక్కింటివాళ్లకు అది కనబడదు.

టర్కీ దేశంలో కిరాణా కొట్టు యజమానిని "బక్కాల్" అంటారు. పై అంతస్తుల్లో ఉండే ముసలివాళ్లు మెట్లు దిగలేక బుట్టకు తాడు కట్టి కిటికీలోంచి వదులుతారు. అందులో డబ్బు వేస్తారు, లేదా "పుస్తకంలో రాసుకో" అని కేక వేస్తారు. కొట్టువాడు రొట్టె, పాలు పెడితే బుట్ట పైకి పోతుంది. ఆ అరువు పుస్తకం చుట్టూ తురుష్క సుల్తానుల కాలం నుంచి ఒక మంచి ఆచారం ఉంది. రంజాను నెలలో కలిగినవాడు ఒకడు తనను ఎవరూ ఎరగని పేటకు వెళ్లి, కొట్టువాణ్ణి పుస్తకం తీయమంటాడు. కొన్ని పేజీల బాకీ మొత్తం కట్టి, వాటిని కొట్టివేయించి, పేరు చెప్పకుండా వెళ్లిపోతాడు. ఎవరి బాకీ తీర్చాడో అతనికి తెలియదు, తమ బాకీ ఎవరు తీర్చారో వాళ్లకూ తెలియదు. ఇటీవలి సంవత్సరాల్లో దీన్ని మళ్లీ పాటిస్తున్నారు. ఈ దానంలో నాకు నచ్చినది వేరు. ఆ బాకీ కాగితం మీద ఉంది కాబట్టి తీరింది. కొట్టువాడి మనసులో మాత్రమే ఉన్న బాకీని దారినపోయే పుణ్యాత్ముడు ఎట్లా తీరుస్తాడు?

ఇప్పుడు మనలాగే పాడి మీద బతికే దేశానికి వద్దాం. ఐర్లండు పచ్చిక దేశం, వెన్నకు పేరు. అక్కడ మొదటి సహకార వెన్న కేంద్రం 1889లో లిమరిక్ జిల్లాలో వెలిసింది. దానికి వెనక నిలబడి దేశమంతా తిరిగినవాడు హోరేస్ ప్లంకెట్. ఆ రోజుల్లో ఆ ఉద్యమానికి గట్టిగా అడ్డుపడినవాళ్లలో ఊరి కొట్టువాళ్లు ఉన్నారు. కారణం చెబుతాను.

ఐర్లండులో 1845 నుంచి బంగాళాదుంప పంటకు తెగులు పట్టి మహాకరవు వచ్చింది. అటువంటి కాలాల్లో పిండి, విత్తనాలు అరువిచ్చి బతికించింది ఊరి కొట్టువాడే. బతికించిన చేతే మెడ పట్టుకుంది. అటువంటివాణ్ణి "గొంబీన్ మనిషి" అనేవారు. వాళ్ల భాషలో వడ్డీ అనే మాట నుంచి వచ్చిన పేరు అది. బాకీ ఉన్న రైతు ఇంకో కొట్టుకు పోవడానికి వీల్లేదు. ఇంట్లో కోడి పెట్టిన గుడ్లూ, చిలికిన వెన్నా ఆ కొట్టుకే వేయాలి. వాటి ధర కొట్టువాడు చెప్పిందే, అమ్మే సరుకు ధర కూడా అతను చెప్పిందే, బాకీ ఎంత ఉన్నదీ అతని పుస్తకం చెప్పిందే. ఆ పుస్తకం రైతు చేతికి రాదు. మాట మాత్రం ఎంతో ఆప్యాయంగా ఉండేది. ఊరివాడే, చుట్టమే కావచ్చు.

డొనెగల్ అనే పేద జిల్లాలో పాట్రిక్ గాలహర్ అనే రైతు ఉండేవాడు. కూలికి స్కాట్లండు వలస వెళ్లినప్పుడు అక్కడి సహకార దుకాణంలో సరుకు కొంటే సంవత్సరం చివర లాభంలో వాటా చేతికి రావడం చూశాడు. తిరిగి వచ్చి 1906లో టెంపుల్‌క్రోన్ సహకార సంఘం పెట్టించాడు. ఎరువులు కలిసి కొనడం దగ్గర మొదలైంది. వ్యాపారులు ఊరుకోలేదు. తగాదాలు ముదిరి గాలహర్ ఒకసారి జైలుకు కూడా వెళ్లాడు. జనం మాత్రం అతణ్ణి "సహకార పాడీ" అనే అర్థం వచ్చే ముద్దుపేరుతో పిలుచుకున్నారు. పాడీ అంటే మన పాడి కాదు లెండి, పాట్రిక్ అనే పేరుకు పొట్టి రూపం!

అతను స్కాట్లండులో చూసిన పద్ధతికి మూలం ఇంగ్లండులోని రాక్‌డేల్. మా డిప్లొమా పరీక్షలో ఈ ప్రశ్న రాని సంవత్సరం లేదు. 1844 డిసెంబరు 21న 28 మంది కార్మికులు 28 పౌన్ల మూలధనంతో కొట్టు తెరిచారు. వెన్న, పంచదార, పిండి, ఓట్ల పిండి, కొవ్వొత్తులు, అంతే సరుకు. పరీక్షలో మేమందరం రాయడం మరచే విషయం ఒకటుంది. అదే వీధిలో 1833లో ఇంకొక సహకార కొట్టు తెరిచి, సభ్యులకు అరువులిచ్చి, రెండేళ్లకే మూతపడింది. అందుకే రెండోసారి వచ్చినవాళ్లు ఖచ్చితంగా నగదే అన్నారు. కల్తీ లేని సరుకు, సరైన తూకం, నగదు. వాళ్ల తీర్మానం వాళ్ల అనుభవం నుంచి వచ్చింది, దాన్ని గౌరవిస్తాను. కాని మన ఊళ్లో, గేదె ఈనిన రోజున దాణా బస్తా కోసం వచ్చిన సభ్యుణ్ణి నగదు తెస్తేనే ఇస్తానని తిప్పిపంపమని మీకు చెప్పలేను.

ఐర్లండు దగ్గరికే మళ్లీ పోదాం. 1970 మే 1న ఆ దేశంలో ప్రధాన బ్యాంకులన్నీ మూతబడ్డాయి. జీతాల దగ్గర ఉద్యోగులకూ యాజమాన్యాలకూ పేచీ. అంతకుముందు 1966లోనూ ఒకసారి దాదాపు మూడు నెలలు మూసివేశారు గాని, ఈసారి మళ్లీ తెరిచింది నవంబరు 17న. ఆరున్నర నెలలు! అప్పటి జనాభా సుమారు 30 లక్షలు. జనం డబ్బులో అత్యధిక భాగం ఆ బ్యాంకుల్లో ఉంది. తీసుకోవడానికి లేదు, వేయడానికి లేదు. మరి దేశం స్తంభించిపోయిందా? లేదు. జీతాలు ఇచ్చారు, సరుకులు కొన్నారు, పశువులను అమ్మారు. ఎట్లాగంటే, చెక్కులు రాసుకున్నారు.

చెక్కు అంటే ఏమిటో మీకు తెలుసు. నా ఖాతాలోంచి ఇంత ఇవ్వమని బ్యాంకుకు రాసే కాగితం. ఆ బ్యాంకే మూతపడి ఉంటే ఖాతాలో డబ్బు ఉన్నదో లేదో చూసేదెవరు? అక్కడే చిన్న కొట్లవాళ్లు, పబ్బులని పిలిచే సారా దుకాణాలవాళ్లు ముందుకొచ్చారు. ఇరవై ఏళ్లుగా తన బల్ల దగ్గర నిలబడే మనిషి ఏపాటివాడో దుకాణదారుకు తెలుసు. ఎక్కడ పని చేస్తాడు, ఎన్ని ఎకరాలు, ఎన్ని ఆవులు, మాట మీద నిలబడతాడా అన్నదంతా తెలుసు. అటువంటివాడు చెక్కు రాసిస్తే తీసుకుని సరుకో నగదో ఇచ్చేవాడు. ఆ చెక్కు వెనక తాను సంతకం పెట్టి తనకు సరుకు పోసేవాడికి ఇచ్చేవాడు. అట్లా ఒకే కాగితం చేతులు మారుతూ పోయింది. చెక్కు పుస్తకాలు అయిపోతే సొంతంగా కాగితాల మీద రాసుకున్నారు. మర్ఫీ అనే ఆర్థికవేత్త తరువాత, 1978లో, దీని మీద వ్యాసం రాశాడు. చిన్న దేశం కావడం, మనుషులకు మనుషులు ఎరిక కావడం, ఊరూరా ఈ దుకాణాలు ఉండటం వల్లనే ఇది సాధ్యపడిందని ఆయన తేల్చాడు. బ్యాంకు మేనేజరు చేసే పనిని చిల్లర కొట్టువాడు చేశాడు.

ఈ కథను చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడ ఆపి, "చూశారా, కాగితాలు, నిబంధనలు లేకపోయినా నమ్మకంతో దేశం నడిచింది" అంటారు. నేను ఇరవై ఎనిమిదేళ్లుగా పుస్తకాలు తనిఖీ చేస్తున్నవాణ్ణి, నాకు వేరే కనబడుతుంది. ఆ ఆరున్నర నెలలు దేశమంతా కాగితాలే తిరిగాయి! ప్రతి చెక్కు మీద తేదీ ఉంది, మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉంది, సంతకం ఉంది. వెనక సంతకం పెట్టిన ప్రతివాడూ పూచీపడ్డాడు. చెక్కు చెల్లకపోతే డబ్బు కోసం ఒకరి తరువాత ఒకరిని వెనక్కు పట్టుకుంటూ పోవచ్చు. బ్యాంకులు తెరిచాక పేరుకుపోయిన గుట్టలన్నీ లెక్క తేల్చడానికి ఇంకొక మూడు నెలలు పట్టింది. తేల్చగలిగారు, ఎందుకంటే రాసి ఉంది. నోటి మాట మీద నడిచి ఉంటే నవంబరులో ఏం తెరిచేవారు?

ఇంకొకటి కూడా ఉంది, కథ చెప్పేవాళ్లు వదిలేసేది. ఊరికి కొత్తగా వచ్చినవాడికి ఆ సదుపాయం ఏదీ? ఎవరూ ఎరగని కూలివాడి చెక్కు ఎవరు తీసుకుంటారు? పరిచయం మీద నడిచే నమ్మకం పరిచయం లేనివాడిని గుమ్మం బయటే నిలబెడుతుంది. మన సంఘంలో కొత్తగా ఒక్క గేదెతో చేరిన ఆడకూతురుకు దాణా బస్తా అరువు పుడుతున్నదా, లేక పాతకాపులకేనా? ఈ ప్రశ్న మీ మీ ఊళ్లకు వెళ్లి అడిగి చూడండి.

ఇప్పుడు మన సంగతి. ఈ రోజుల్లో చాలా కేంద్రాల్లో పాల కొలత, వెన్న శాతం యంత్రం చూసి చీటీ ఇస్తున్నది, కొన్నిచోట్ల ఫోనుకు సందేశం కూడా వస్తున్నది. సంతోషం. యంత్రం వచ్చాక సభ్యులకు కార్యదర్శి మీద అనుమానాలు కొంత తగ్గాయి. అయితే దాణా అరువు, మందుల డబ్బు, పెళ్లికి తీసుకున్న చేబదులు, ఇవి ఇంకా చాలా ఊళ్లలో యంత్రంలో లేవు, రిజిష్టరులో లేవు. కార్యదర్శి చొక్కా జేబులోని చిన్న పుస్తకంలో ఉన్నాయి. ఫిలిప్పీన్స్ ఇల్లాలి లిస్టాలాగే.

నేను తనిఖీ చేసిన ఒక సంఘంలో కార్యదర్శి నిజంగా మంచివాడు. ఊరు పేరు చెప్పను. అడిగినవాడికల్లా దాణా ఇచ్చేవాడు, గోడ కేలండరు వెనక పెన్సిలుతో రాసుకునేవాడు. ఒక తెల్లవారుజామున గుండె ఆగి పోయాడు. దాణా నిలవ చూస్తే బస్తాలు తక్కువ, గల్లాపెట్టెలో ఆ డబ్బు లేదు. పెద్ద కొడుకు ఆ కేలండరు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. కొందరు కళ్లనీళ్లు పెట్టుకుని కట్టారు. కొందరు "మీ నాన్న చేతికే ఇచ్చేశాం నాయనా" అన్నారు. వాళ్లు అబద్ధం చెప్పారని నేను రాయలేను, నిజం చెప్పారనీ రాయలేను. పద్దు లేదు కాబట్టి నిజంగా కట్టినవాడూ, ఎగవేసినవాడూ నా రిపోర్టులో ఒకే వరుసలో నిలబడ్డారు. లోటు ఆ చనిపోయినాయన పేరు మీద పడింది. ఆ సంవత్సరం సంఘం సభ్యులకు బోనసు ఇవ్వలేకపోయింది. ఆ కుటుంబం ఇప్పటికీ సంఘం ముందునుంచి నడవదు. వాళ్లకేం హియా? చేసిన తప్పేముంది?

ఒక అక్క పోయిన తరగతిలో నన్ను అడిగింది: "సారూ, అన్నీ రాసి సంతకాలు పెట్టించుకుంటే మమ్మల్ని నమ్మనట్టే గదా?" న్యాయమైన ప్రశ్నే. నేను ఇచ్చిన జవాబు ఇది. అమ్మా, అరువు ఇవ్వాలా వద్దా అన్నది నిన్ను చూసి, నీ మాట విని తేల్చాలి. దానికి ఫారాలు వద్దు, తీర్మానాలు వద్దు. తెల్లవారుజామున ఐదింటికి నువ్వు వచ్చి అడిగితే కార్యదర్శి బస్తా ఇవ్వగలగాలి. అది నమ్మకం. బస్తా గడప దాటే ముందు మాత్రం ఆ పద్దు సంఘం పుస్తకంలోనూ, నీ పాసు పుస్తకంలోనూ పడాలి, నీ సంతకమో వేలిముద్రో దాని పక్కన ఉండాలి. రేపు ఆయన లేకపోయినా, నువ్వు లేకపోయినా, మీ పిల్లలు ఎదురుబొదురు నిలబడి పోట్లాడుకోకుండా ఉండటానికి. గొంబీన్ కొట్టులోనూ పుస్తకం ఉంది, కాని ఒక్కడి దగ్గరే ఉంది. ఇద్దరి దగ్గరా ఉంటే ఆ ఆట సాగదు.

పాలకవర్గాలకు కూడా ఒక మాట. ఎవరికి ఎంతవరకు అరువివ్వవచ్చో కార్యదర్శి నెత్తిన వేసి మీరు తప్పుకోవద్దు. మొహమాటం బరువు ఒక్కడి మీద పడితే అతను ఎదురింటివాణ్ణి కాదనలేడు. ఒక బిల్లు కాలంలో సభ్యుడు పోసే పాల విలువను మించకుండా హద్దు పెట్టి తీర్మానం రాయండి. అప్పుడు "నేనైతే ఇచ్చేవాణ్ణే బావా, కమిటీ ఒప్పుకోదు" అని అతను మర్యాదగా తప్పించుకోగలడు. గోడ మీది "అప్పు రేపు" బోర్డు చేసే పని కూడా అదే గదా. బాకీ ఉన్న సభ్యుడు వ్యాను దగ్గరికి పోతున్నాడని తెలిస్తే నోటీసు కంటే ముందు ఒక మనిషిని పంపండి. వాయిదాలు చేసుకోవచ్చు, పాలు మాత్రం ఇటే పొయ్యమని చెప్పించండి. సిగ్గుతో పోయినవాడు పిలిస్తే తిరిగి వస్తాడు. నేను చూశాను.

సమయం అయింది, వంటవాళ్లు రెండుసార్లు తొంగిచూశారు. భోజనాల తరువాత దాణా అరువు రిజిష్టరు నమూనా బల్ల మీద పెడతాను. పాసు పుస్తకాలు తెచ్చినవాళ్లు ముందు వరుసలో కూర్చోండి. జేబు పుస్తకాలు తెచ్చిన కార్యదర్శులు కూడా మొహమాటపడకుండా ముందుకే రండి, వాటిలో ఉన్నవి ఇవాళే రిజిష్టరులోకి ఎక్కిద్దాం. పెన్నులు నేను తెచ్చాను.